లెక్కలోకి రాని గంటల్లోనే ఉంటుంది అసలు ఉద్యోగం

రైలు ఇంజిన్‌లో లోకో పైలట్ చేతికి అందేలా ఒక చిన్న బటన్ ఉంటుంది. ఒక నిమిషం పాటు ఆయన ఏ కంట్రోలూ ముట్టుకోలేదనుకోండి, అంటే స్పీడ్ మార్చలేదు, బ్రేక్ వెయ్యలేదు, హారన్ కొట్టలేదు, అప్పుడు ముందు ఒక లైటు వెలిగి ఆరుతుంది, ఎనిమిది సెకన్లు చూసి బజర్ మొదలవుతుంది, ఇంకో ఎనిమిది సెకన్లలో కూడా నొక్కకపోతే బండికి దానంతట అదే బ్రేకులు పడిపోతాయి. విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అంటారు దాన్ని. నేను మేలుకునే ఉన్నాను అని నిమిషానికోసారి మిషన్‌కి చెప్పుకోవడం. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఇంజిన్ వైపు చెయ్యి ఊపే పిల్లాడికి బండి నడపడం కనపడుతుంది, ఆ బటన్ కనపడదు. నిజానికి ఆ ఉద్యోగం కష్టం అంతా ఆ బటన్ ఎందుకు పెట్టాల్సొచ్చిందో అక్కడే ఉంది, నిద్ర దగ్గర.

ఎక్స్‌ప్రెస్ బండ్లు నడిపేవాళ్లకి లింక్ ఉంటుంది, ఏ రోజు ఏ బండి అని ముందే తెలుస్తుంది. గూడ్స్ వాళ్లకి అదీ లేదు. బొగ్గు ర్యాకు, అంటే బొగ్గు వ్యాగన్ల వరస, ఎప్పుడు లోడ్ అయితే అప్పుడు, సిమెంటు ర్యాకు ఎప్పుడు కదిలితే అప్పుడు, డ్యూటీలు వేసే ఆఫీసు, లాబీ అంటారు దాన్ని, అక్కడి నుంచి కాల్ వస్తుంది. రాత్రి పదకొండుకి రావొచ్చు, తెల్లారి మూడింటికి రావొచ్చు. అందుకని మధ్యాహ్నం రెండింటికి కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకోవాలి, బయట పిల్లలు ఆడుకుంటుంటారు, పక్కింట్లో మిక్సీ, నిద్ర పడితే అదృష్టం, పట్టకపోతే ఆ నిద్రలేని మనిషే రాత్రి డ్యూటీకి సైన్ ఆన్ చేసి, నోటి దగ్గర మిషన్ పెట్టి మందు తాగలేదని చూపించుకుని, వేల టన్నుల బండి ఎక్కాలి. కాజీపేట, విజయవాడ, గుంతకల్ లాంటి జంక్షన్ల దగ్గర రైల్వే కాలనీల్లో పగలు సద్దు చెయ్యొద్దు నాన్న పడుకున్నాడు అనే మాట ప్రతి ఇంట్లో వినపడేదే.

బండి ఎక్కాక కూడా బయటివాళ్లు అనుకునేంత హాయిగా ఏం ఉండదు. ప్రతి సిగ్నల్‌నీ లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ పైకి చెప్పుకోవాలి, రెండు పసుపు లైట్లు కనపడి ఒకాయన "డబుల్ ఎల్లో" అంటే రెండో ఆయన చెయ్యి చాపి మళ్లీ "డబుల్ ఎల్లో" అనాలి, ఇలా రాత్రంతా. గూడ్స్ అయితే మధ్యలో ఏదో చిన్న స్టేషన్‌లో పక్క పట్టాల మీద, లూప్ లైన్‌లో, పెట్టేస్తారు, ఎక్స్‌ప్రెస్‌లు ఒకదాని వెనక ఒకటి దాటి వెళ్లేదాకా గంటల తరబడి కూర్చోవాలి, బండి కదలట్లేదు కదా అని కునుకు తియ్యడానికి లేదు, సిగ్నల్ ఎప్పుడు పడుతుందో తెలీదు. ఇక బాత్రూం సంగతి. ఇంజిన్‌లో టాయిలెట్ పెట్టడం అనేది 2016లో మొదలైంది, అదీ కొన్నిటికే. వందేళ్లు దాటిన రైల్వేలో డబ్బాలన్నిటికీ టాయిలెట్ ఉండి, బండి నడిపే మనిషికి మాత్రం లేకపోవడం ఎంత అన్యాయమో ఆడవాళ్లు అసిస్టెంట్ లోకో పైలట్లుగా రావడం మొదలయ్యాక గానీ గట్టిగా బయటికి రాలేదు. నీళ్లు తక్కువ తాగడమే వాళ్లు కనిపెట్టుకున్న దారి, మరి వేసవిలో ఏసీ లేని పాత ఇంజిన్ క్యాబ్‌లో నీళ్లు తాగకుండా కూర్చోవడం అంటే ఏంటో ఊహించుకోవచ్చు.

ఇంకోటి కూడా ఉంది, దాని గురించి వాళ్లు పెద్దగా మాట్లాడరు. పట్టాల మీద ఎవరో నిలబడతారు. హారన్ కొడుతూ బ్రేక్ వేసినా ఆ స్పీడ్‌లో బండి కొన్ని వందల మీటర్లు పోయాక గానీ ఆగదు, ఈయన చెయ్యగలిగింది అయిపోయింది, ఇక చూస్తూ ఉండటమే. తర్వాత వాకీటాకీలో గార్డుకి, ముందు స్టేషన్‌కి చెప్పి, మళ్లీ బండి నడుపుకుంటూ వెళ్లాలి, ఎందుకంటే వెనక వెయ్యి మంది ప్రయాణికులు ఉన్నారు. అలవెన్స్ కిలోమీటర్లని బట్టి ఉంటుంది, ఆ కిలోమీటర్ కూడా మిగతావాటితో పాటే లెక్కలో పడుతుంది.

ఏ ఉద్యోగమైనా లోపల్నుంచి చూడాలంటే ముందు అడగాల్సింది ఇదే. ఇక్కడ దేన్ని లెక్కపెడుతున్నారు? రైల్లో కిలోమీటర్లు, బస్సులో కలెక్షన్, మగ్గం దగ్గర చీరలు, బీడీల దగ్గర వెయ్యికి ఇంత అని, సాఫ్ట్‌వేర్‌లో బిల్లింగ్ గంటలు. లెక్కపెట్టేదానికే డబ్బు వస్తుంది, బయటివాళ్లకి కనపడేదీ అదే. దాని చుట్టూ ఉండే మిగతా పని, అంటే కాచుకుని ఉండటం, ముందు సిద్ధం చేసుకోవడం, ఆపుకోవడం, మర్చిపోవడానికి ప్రయత్నించడం, ఇవి ఏ పే స్లిప్‌లోనూ ఉండవు. మనిషి నలభై ఐదేళ్లకే ముసలివాడిలా కనపడుతున్నాడంటే చాలాసార్లు ఇవే కారణం.

మగ్గం దగ్గర ఇది చాలా స్పష్టంగా కనపడుతుంది. పోచంపల్లి చీర అంటే అందరికీ గుర్తొచ్చేది గుంట మగ్గం, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి, దారం పట్టుకుని ఇటు నుంచి అటు పరిగెత్తే నాడె. ఫొటోలన్నీ అవే. కానీ నేత అనేది ఆ చీర పనిలో చివరాఖరి మెట్టు మాత్రమే. అంతకుముందు నూలు తియ్యాలి, ఆసు పొయ్యాలి, చిటికి కట్టాలి, రంగులద్దాలి, ఆరబెట్టాలి, విప్పాలి, ఇంకో రంగుకి మళ్లీ కట్టాలి, మగ్గం మీది పాత పోగులకి కొత్త పోగులు కలిపి అచ్చు అతకాలి, నాడెలో పెట్టే దారం కండెలు చుట్టాలి. చిటికి కట్టడం అంటే డిజైన్ ప్రకారం దారాల గుత్తిని అక్కడక్కడా గట్టిగా బిగించి కట్టడం, కట్టిన చోట రంగు ఎక్కదు. చాలా చోట్ల సైకిల్ ట్యూబుని సన్నటి పట్టీలుగా కోసి వాటితోనే కడతారు. గ్రాఫ్ పేపర్ మీద ఉన్న గళ్ల లెక్క తప్పితే, అంటే ఒక్క గడి అటూ ఇటూ అయినా, మగ్గం మీదకి వచ్చాక ఏనుగు తొండం ఒకచోట ఒళ్లు ఒకచోట పడుతుంది, అప్పుడు నేసేవాడు పోగు పోగూ జరిపి కలుపుకోవాలి.

ఆసు పొయ్యడం దగ్గర కాసేపు ఆగాలి. అర్ధచంద్రాకారంలో ఒక చెక్క, దాని నిండా వరసగా మేకులు, ఎదురుగా ఇంకో మేకు. పట్టు దారాన్ని పట్టుకుని ఆ మేకు నుంచి ఈ మేకుకి, ఈ మేకు నుంచి ఆ మేకుకి చెయ్యి ఆడించాలి, దాదాపు మీటరు దూరం. ఒక్క చీరకి సరిపడా దారం పోసేసరికి చెయ్యి వేల సార్లు పోయి వస్తుంది, నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని చేసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే. భుజం పోతుంది, మెడ పట్టేస్తుంది, అంత సన్నటి దారాన్ని గంటల తరబడి చూడటం వల్ల కళ్లు పోతాయి. రోజుకి రెండు చీరలకి పోస్తే ఆ రోజంతా దానికే సరి, దాని మీద వంట, పిల్లలు, నీళ్లు. మరి ఈ ఆసుకి కూలీ ఎంత? విడిగా లెక్కే లేదు. చీరకి ఇంత అని షావుకారు ఇచ్చే మజూరీలో భార్య ఆసు, ముసలమ్మ చుట్టిన కండెలు, బడి నుంచి వచ్చాక పిల్ల పట్టిన సాయం అన్నీ కలిసిపోతాయి. నేతగాడి సంపాదన ఇంత అని ఎక్కడైనా కనపడితే అది ఒక మనిషి సంపాదన అనుకోకూడదు, ఇంటిల్లిపాదిదీ. 2019-20లో చేసిన చేనేత సెన్సస్‌లో దేశం మొత్తం మీద 35 లక్షల పైన కార్మికులు తేలితే అందులో ఎక్కువ మంది ఆడవాళ్లే, అయినా నేతగాడు అనే మాట చెవిన పడగానే మనకి మగమనిషే కళ్లముందుకి వస్తాడు.

వానాకాలం ఇంకో కథ. గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంట కదా, ముసురు పట్టిందంటే అందులోకి నీళ్లు ఊరతాయి. గాలిలో తేమకి పోగులు సాగి తెగుతాయి, అద్దిన రంగు ఆరదు. పని ఆగిపోతుంది, చీరకి ఇంత అనే లెక్క కాబట్టి ఆగిన రోజులకి పైసా రాదు. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం, 2015 నుంచి చేస్తున్నారు, సరిగ్గా ఆ వారాల్లోనే చాలా ఇళ్లల్లో గుంటలో నీళ్లు తోడుకుంటూ ఉంటారు.

నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల వైపు పోతే ఇదే సంగతి బీడీల్లో. అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ బీడీలు చుడుతుంటే ఎవరికైనా ఇదేదో ఇంటిపట్టున కూర్చుని చేసే సుఖమైన పని అనిపిస్తుంది. కూలీ వెయ్యి బీడీలకి ఇంత అని. ఆ వెయ్యిలో చుట్టడం ఒక్కటే కనపడుతుంది. ముందురోజు రాత్రి బీడీ చుట్టే తునికాకు నానబెట్టాలి, నీళ్లు పిండి తడిగుడ్డలో చుట్టి ఉంచాలి, పొద్దున్నే కొలతకి రేకు పెట్టి కత్తెరతో ఒక్కో ఆకూ కొయ్యాలి, ఈనెలు ఉన్నచోట, చిల్లులు పడ్డచోట వదిలెయ్యాలి. కార్ఖానాలో తూకం వేసి ఇచ్చిన ఆకులో పాడైంది ఎక్కువుంటే వెయ్యి పూర్తి కావు, అప్పుడు సొంత డబ్బుతో ఆకు కొనుక్కుని లెక్క పూర్తి చేస్తారు. తీసుకెళ్లి ఇచ్చాక కంపెనీ తరఫున బీడీలు తీసుకునే టేకేదారు వేళ్లతో నొక్కి చూసి బాలేవని కొన్ని పక్కన పడేస్తాడు, ఆ పడేసినవాటికి కూలీ పోయినట్టే. చూపుడువేలి చివర గోరు పక్కన చర్మం గట్టిపడిపోయి ఉంటుంది ఈ ఆడవాళ్లకి, ఇరవై ఏళ్లు చేసినవాళ్ల చెయ్యి పట్టుకుంటే తెలిసిపోతుంది. తంబాకు ఘాటు ఇల్లంతా ఉంటుంది, పాలుతాగే పిల్ల పక్కనే పడుకుని ఉంటుంది.

అయినా ఈ పనిని వదులుకోలేకపోవడానికి కారణం ఉంది, అది గౌరవంగా అర్థం చేసుకోవాల్సిందే. బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో వచ్చింది, ఆ తర్వాత పీఎఫ్ కూడా వచ్చింది, కంపెనీ పుస్తకంలో పేరు ఎక్కిన మనిషికి అది ఉంటుంది. పొలం కూలీకి అది లేదు. అందుకే ఒకప్పుడు ఆ జిల్లాల్లో సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లకి బీడీలు చెయ్యడం వచ్చా, పీఎఫ్ ఉందా అని అడిగేవాళ్లు. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకి పింఛన్ కూడా మొదలైంది, ముందు 1000, తర్వాత 2019 నుంచి 2016 రూపాయలు. మొగుడు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి నాలుగు నెలలు డబ్బు పంపకపోయినా ఇంట్లో పొయ్యి వెలిగింది అంటే బీడీల వల్లే, గల్ఫ్‌కి మగవాళ్లు ఎక్కువగా పోయిన జిల్లాలూ బీడీ జిల్లాలూ దాదాపు ఒకటే కావడం ఊరికే జరగలేదు.

బస్సు కండక్టర్ పని అందరం రోజూ చూసేదే కాబట్టి తెలుసు అనుకుంటాం. డిపోలో మాట్లాడుకునేది ఈపీకే, అంటే కిలోమీటరుకి ఎంత వచ్చింది అని. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి. మంచి పథకం, ఎంతోమంది ఆడపిల్లలు కాలేజీకి, పనికి పోగలుగుతున్నారు, అందులో రెండో మాట లేదు. కండక్టర్ వైపు నుంచి చూస్తే మాత్రం పని మారిపోయింది. ఉచితం అంటే టికెట్ కొట్టక్కర్లేదని కాదు, ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టాలి, ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి కాబట్టి. కాలు పెట్టడానికి చోటు లేని బస్సులో తర్వాతి స్టేజ్ వచ్చేలోపు ఆ చివరిదాకా వెళ్లి, ఆధార్ చూసి, మిషన్‌లో నొక్కి, కాగితం చించి ఇచ్చి, ఈ మధ్యలో ముందు డోర్ దగ్గర ఎక్కినవాళ్లని గుర్తుపెట్టుకుని వెనక్కి రావాలి. ఒక్క టికెట్ మిస్ అయినప్పుడు చెకింగ్ ఎక్కితే జవాబు చెప్పాల్సింది ఈ మనిషే. పైగా చిల్లర గొడవలు. సాయంత్రం డిపోకి వచ్చి డబ్బు లెక్కచూసి కట్టేటప్పుడు యాభై తగ్గితే జేబులోంచి పెట్టుకోవడం మామూలు విషయం. లేడీ కండక్టర్లకి అయితే లోకో పైలట్ల దగ్గర చెప్పుకున్న సమస్యే, ట్రిప్పు చివర ఊళ్లో బస్సు ఆగేది చింతచెట్టు కింద, అక్కడ టాయిలెట్ ఎక్కడుంటుంది. తెలిసిన ఇల్లు ఒకటి చూసి పెట్టుకుంటారు, లేదంటే నీళ్లు తాగరు.

ఆశా వర్కర్ల సంగతి ఇంకా తిరకాసు. 2005లో మొదలైనప్పటి నుంచి కాగితం మీద వాళ్లు వాలంటీర్లు, ఉద్యోగులు కాదు. కాన్పుకి తీసుకెళ్తే ఇంత, టీకా వేయిస్తే ఇంత అని ఇన్సెంటివ్. రాత్రి రెండింటికి నొప్పులొచ్చిన ఆవిడ పక్కన 108లో కూర్చుని ఏరియా ఆస్పత్రికి వెళ్లి, అక్కడ కుదరదు అంటే జిల్లా ఆస్పత్రికి వెళ్లి, తెల్లారి తిరిగి రావడానికి బస్సు కోసం రోడ్డు మీద నిలబడటం అనేది ఏ ఐటెం కిందా రాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలో ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. వాలంటీర్ అనే పేరు మాత్రం మారలేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి కష్టం ఏముంది ఏసీలో కూర్చుంటారు అనే మాట మన ఇళ్లల్లో బాగా వినపడుతుంది. మిగతావాటితో పోలిస్తే జీతం బాగుంటుంది, అది నిజమే. కానీ లెక్కలోకి రాని గంటల సూత్రం ఇక్కడా అంతే. ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే నడుస్తున్న సిస్టమ్ ఆగకుండా చూసే పనిలో, ఉన్నవాడు ఆన్ కాల్ వారం అంతా ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంటాడు, రాత్రి రెండున్నరకి సివియారిటీ వన్ టికెట్, అంటే అన్నిటికన్నా పెద్ద సమస్య అనే కంప్లైంట్, వస్తే అందరూ కలిసే బ్రిడ్జ్ కాల్‌లో జాయిన్ అవ్వాలి, అక్కడ ఇరవై మంది ఇంకా ఎంతసేపు అని పది నిమిషాలకోసారి అడుగుతుంటే సిస్టమ్ రాసుకున్న రికార్డులు, లాగ్స్, వెతుక్కోవాలి. ఫోన్ రాని రాత్రి కూడా సరిగ్గా నిద్ర పట్టదు. గూడ్స్ లోకో పైలట్‌కీ ఇతనికీ జీవితంలో పోలికే లేదనుకుంటాం కానీ ఎప్పుడొస్తుందో తెలీని కాల్ కోసం సగం నిద్రలో ఉండటం ఇద్దరిదీ ఒకటే. అమెరికాలో హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్న తెలుగువాళ్లకి ఇంకో భారం ఉంది, ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. ఇల్లు కొని, పిల్లల్ని బడిలో వేసి, ప్రతి క్వార్టర్‌లో లేఆఫ్ మెయిల్ వస్తుందేమో అని చూసుకుంటూ పనిచెయ్యడం ఏ టైంషీట్‌లో నింపుతారు.

సింగరేణి గురించి చెప్పకుండా ఈ మాట పూర్తవదు, ఎందుకంటే అక్కడ ఒక తేడా ఉంది. బొగ్గు బాయి దిగేవాడికి రోజుకి ఎనిమిది గంటలకి మించి భూమి కింద పని ఉండకూడదని 1952 గనుల చట్టం నియమం పెట్టింది. దసరా దగ్గర లాభాల్లో వాటా వస్తుంది. ఇది ఉట్టినే రాలేదు, తరాల పోరాటం ఉంది దాని వెనక. కింద జరిగేది తేలికైన పనని కాదు. షిఫ్ట్ మొదలవగానే సర్దార్, అంటే ఆ చోటి భద్రత చూసే సూపర్‌వైజర్, చేసే పని ఒకటి చూడాలి, కర్రతో పైన కప్పుని కొట్టి చెవి పెట్టి వింటాడు. ఖంగుమంటే కప్పు గట్టిగా ఉన్నట్టు, బోలుగా డబ్‌మంటే పొర విడిపోయి ఉన్నట్టు, అక్కడికి ఎవరినీ పోనివ్వకూడదు. కప్పు పడకుండా పట్టే బోల్టులు వచ్చాయి, మిషన్లు వచ్చాయి, ఆ చెవి మాత్రం ఇప్పటికీ కావాలి. ఒకప్పుడు పని చోటుకి చేరడానికే చీకట్లో ఎత్తుపల్లాల్లో కిలోమీటర్లు నడిచి, అక్కడికి చేరేసరికే ఒళ్లు హూనం అయ్యేది, తర్వాత చాలా గనుల్లో మనుషుల్ని కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్లే మ్యాన్ రైడింగ్ కుర్చీలు పెట్టారు. నడక కూడా పనే అని ఒప్పుకున్నాకే ఆ కుర్చీలు వచ్చాయి.

ఎక్కడైనా బాగుపడింది అంటే ఇలాగే, కనపడని పనిని పని అని ఎవరో ఒకరు పట్టించుకున్నాకే. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడుతుంటే చూసి, పెద్దగా చదువు లేకపోయినా 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టి, అప్పులు చేసి, మధ్యలో ఆపి, హైదరాబాద్‌లో కూలికి వెళ్లి, 1999కి దాన్ని పూర్తి చేశారు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది, 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. చేనేత మీద అంతకుముందు ఎన్నో కమిటీలు, పథకాలు వచ్చి ఉంటాయి, అవన్నీ మగ్గాన్ని, అమ్మకాన్ని చూశాయి. భుజాన్ని చూసింది ఆ ఇంట్లో పుట్టిన కొడుకు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్లల్లో ఆ యంత్రం దారం పోస్తుంటే పక్కనే ఆడవాళ్లు కూర్చుని చిటికి కడుతున్నారు, అది మాత్రం ఇంకా చేత్తోనే, ఒక్కో ముడీ గ్రాఫ్ కాగితం చూసుకుంటూ, సైకిల్ ట్యూబు పట్టీ పళ్లతో పట్టుకుని బిగిస్తూ.